తవుడిచ్చి కొనుక్కున్న పిల్ల

గుడివాడలో శోభనాద్రిగారి కోడలు భానుమతిని చూసి కుళ్ళుకోని ఆడది లేదు. దివిసీమ ఉప్పెనలో కన్నవాళ్ళూ, ఇల్లూ, గొడ్డూ గోదా సమస్తం కొట్టుకుపోతే ఆరేళ్ళ పిల్ల ఒక్కతే మిగిలింది, అంతకు ముందు సంగతులేవీ గుర్తులేకుండా. మేనమామ శోభనాద్రి ఆ బురదలో పడి అంత దూరం వెళ్ళి, పిల్లని భుజాన వేసుకొచ్చి, పెంచి, చివరికి తన కొడుకు నాగేశ్వరరావుకే చేసుకున్నాడు. "ఏం జాతకమే తల్లీ! సముద్రం మింగబోయి ఉమ్మేసింది నిన్ను" అనేవాళ్ళు బజార్లో ఆడవాళ్ళు. అన్నేళ్ళు అదే మాట వింటే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. భానుమతికీ కుదిరింది. పైగా యాభై దాటినా షుగరు లేదు, బీపీ లేదు, మొగుడు నోరెత్తి ఎరగడు. ఒక్కగానొక్క కొడుకు సాయికిరణ్ కరెంటు సామాను షాపు పెట్టుకుని, ఊరి చివర సొంతిల్లు కట్టాడు. ఇంకేం కావాలి?

ఆ ఇంటి గృహప్రవేశం ఎల్లుండే. ఈ ముహూర్తం దాటితే ఆషాఢం అడ్డం. మళ్ళీ శ్రావణం దాకా ఆ ఇంట్లో పాలు పొంగవు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అత్తగారి వంటింట్లో, అత్తగారి గిన్నెలతో, అత్తగారు చెప్పిన కూరే వండిన మనిషికి ఇన్నాళ్ళకి తనదంటూ ఒక పొయ్యి దొరకబోతోంది. ఆ సంగతి పైకి అనలేదుగానీ, ఈమధ్య నిద్రలో కూడా నవ్వుతోంది.

ఆ పొద్దున పెరట్లో చింతపండు పెట్టి ఇత్తడి బిందె తోముతుంటే ఫోను మోగింది. మోచేత్తో నొక్కి గట్టు మీదే ఉంచి, "ఎవరూ?" అంది.

"అక్కా, నేను సాల్మన్ రాజునండి, బందరు నుంచి. అమ్మ పోయిందక్కా." అవతల మనిషి ఏడుస్తున్నాడు.

"అయ్యో. రాంగు నంబరు బాబూ. మా అమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఉప్పెనలో పోయింది."

"ఆవిడ కాదండీ. కొనుక్కున్నమ్మ."

భానుమతి చేతిలో బిందె జారి గట్టుకి కొట్టుకుని దొర్లింది. ఆ మాట ఎవరు నేర్పారో, ఎప్పుడు విందో తెలీదు. కానీ నోట్లో ఉన్నట్టుండి ఏదో రుచి ఊరింది. తియ్యగా, గరగరలాడుతూ, నాలుక్కి అంటుకునే రుచి. ఏం తినకుండా రుచి రావడమేంటని భయపడి ఉమ్మేసింది. పోలేదు.

"అక్కా, ఉన్నారా? దివిసీమలో పుట్టిన భానుమతక్కేగా?"

"నేనే. ఏంటి బాబూ నువ్వంటున్నది?"

"సాయంత్రం నాలుగింటికి తీసుకెళ్తాం. అమ్మ రెండు మాటలు చెప్పమంది. ఒకటి, కబురు చెయ్యండ్రా, వస్తే వస్తుంది, బలవంతం మాత్రం చెయ్యొద్దని. రెండోది, తవుడు తేవొద్దని చెప్పమంది."

"తవుడేంటి!"

"అదేనండి. ఏం తెచ్చినా తవుడు తేవొద్దంది. ఇంగ్లీషుపాలెంలో చర్చి వెనక సందు. అన్నమ్మగారిల్లు అంటే ఎవరైనా చూపిస్తారు." ఏడుపు ఆపుకోలేక పెట్టేశాడు.

తవుడు. ఆ పేరెత్తితే ఆ ఇంట్లో అందరికీ భానుమతే గుర్తొస్తుంది. మావయ్యకి రైసుమిల్లులో వాటా ఉండేది. మిల్లు ఆడేటప్పుడు కొత్త తవుడు వాసన వస్తే ఈ పిల్ల ఆగలేకపోయేది. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు నోట్లో పోసుకునేది. అత్తయ్య వెంకాయమ్మ చూసి, "గొడ్డువే నువ్వు? తవుడిచ్చి కొన్నాం నిన్ను, అందుకే ఆ మోజు" అని నవ్వేది. వచ్చిన చుట్టాలు కూడా నవ్వేవాళ్ళు. మన ఇళ్ళలో ఏ పిల్ల వినలేదు ఆ మాట? అన్నం తినకపోతే ఒకసారి, అల్లరి చేస్తే ఒకసారి, నిన్ను మేం కనలేదు, తవుడిచ్చి కొనుక్కున్నాం అని ఏడిపిస్తూనే ఉంటారు. పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్ళు నవ్వుతారు, అయిపోతుంది. భానుమతి తన కొడుకునీ అట్లాగే ఏడిపించింది.

తడి చేతుల్తోనే వసారాలోకి వెళ్ళింది. వెంకాయమ్మ చాప మీద కూచుని పేరంటానికి తమలపాకులు తుడుస్తోంది. ఎనభై దాటినా ఆవిడ కళ్ళకి అద్దాల్లేవు, నోటికి అదుపు లేదు. కుర్చీలో నాగేశ్వరరావు పేపరు చదువుతున్నాడు. పైన గోడమీద శోభనాద్రిగారి ఫోటో, దానికి పొద్దున భానుమతి వేసిన కనకాంబరాల దండ.

"అత్తయ్యా, కొనుక్కున్నమ్మ అంటే ఎవరండీ?"

వెంకాయమ్మ చేతిలో ఆకు ఆగిపోయింది. "ఎవరన్నారా మాట?"

"బందరు నుంచి ఫోనొచ్చింది. ఆవిడ పోయిందట."

"అమ్మయ్య" అంది వెంకాయమ్మ.

పేపరు కిందకి దిగింది. "చచ్చిపోయిందంటే అమ్మయ్య ఏంటమ్మా!" అన్నాడు నాగేశ్వరరావు.

"నువ్వు పేపరు చదువుకోరా." ఆవిడ ఆకుని పక్కన పెట్టి, కోడలి మొహం చూసి, ఇక దాచి లాభం లేదనుకుంది. "కూచో. నిలబడి వింటే పడతావు."

భానుమతి కూచోలేదు.

"మీ అమ్మకి నీ ముందు పుట్టినవాళ్ళు ఒక్కళ్ళూ దక్కలేదు. నువ్వు పుట్టగానే మీ నాయనమ్మ నిన్ను తీసుకెళ్ళి పెరట్లో ఎంగిలి విస్తరాకుల మీద పడుకోబెట్టింది. మాకొద్దీ పిల్ల, పారేశాం అని గట్టిగా అరిచింది, పైవాడికి వినపడేట్టు. అట్లా పారేసిన పిల్లని ఎవరన్నా తీసుకుని చేటెడు తవుడిచ్చి కొనుక్కోవాలి. పిల్ల ఇంకొకళ్ళదైపోయిందని చావు ఇటు తిరిగి చూడదంట. అప్పట్లో అందరూ చేసేవాళ్ళే. మీ పొలంలో పనిచేసే సీమోను పెళ్ళాం అన్నమ్మ, అప్పుడే కూతుర్ని కనింది. గుండ్రాయిలా ఉందా పిల్ల. చెయ్యి మంచిదని దాన్ని పిలిచారు. దాని దగ్గర తవుడెక్కడిది? మీ ఇంట్లో తవుడే దాని చేతికిచ్చి, అదే మీరు పుచ్చుకున్నారు."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది. మీ అమ్మకి పాలు పడలేదు. పగలు ఆమె దగ్గర, రాత్రి మీ ఇంట్లో. మన కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం వెళ్ళి ఆంధ్రమహావిష్ణువు గుళ్ళో నీ పుట్టువెంట్రుకలిచ్చి, ఆ రోజు మళ్ళీ తవుడిచ్చి నిన్ను వెనక్కి కొనుక్కోవాలి. ఒక ఏడు మైలొచ్చి ఆగిపోయింది. ఇంకో ఏడు పంట పోయింది. ఆపైన మీ నాయనమ్మే అడ్డం పడింది. బతికి తిరుగుతున్న పిల్లని కదపడం ఎందుకు, దాని పేరునే ఉండనీండి అంది. ఉండనిచ్చారు. ఇంతలో ఉప్పెనొచ్చింది."

"మరి మీరు నన్ను తవుడిచ్చి కొన్నాం అని నవ్వేవాళ్ళుగా! అది వేళాకోళం కాదా?"

"నిజాన్ని వేళాకోళంగా అనేస్తే ఇంకెవరూ గుచ్చి అడగరే పిచ్చిదానా" అంది వెంకాయమ్మ.

భానుమతి తలుపు పట్టుకుంది. "మావయ్యకి తెలుసా?"

"తెలియకేం? ఆమె వల్లేగా నువ్వీ ఇంటికొచ్చింది."

ముగ్గురూ ఒకేసారి ఫోటో వంక చూశారు, ఆయనేమన్నా కాదంటాడేమోనని.

"మీ మావయ్య వెళ్ళింది నిన్ను తేవడానిక్కాదు" అంది వెంకాయమ్మ, కళ్ళు దించకుండానే. "చెల్లెలి శవం దొరుకుతుందేమోనని వెళ్ళాడు. నేనే చెప్పి పంపా. పిల్ల బతికుంటే వాళ్ళ నాన్న తరఫువాళ్ళకి అప్పజెప్పండి, మనకే ముగ్గురున్నారు, నా వల్ల కాదని. సరేనన్నాడు. అవనిగడ్డలో బడిలో పిల్లలందర్నీ కూచోబెట్టారంట. నిన్ను చూశాడు, తల నిమిరాడు, లేచి వచ్చెయ్యబోతున్నాడు. అప్పుడొచ్చింది ఆ అన్నమ్మ. గుమ్మానికడ్డం నిలబడి, ఇది ఇంకా నా బిడ్డేనండి, తవుడిచ్చి కొనుక్కున్నాను, మీవాళ్ళు వెనక్కి కొనుక్కోలేదు, నేను తీసుకెళ్తాను అందంట. అందరి ముందూ! ఎంత పొగరు చూడు! ఈయనకి ఒళ్ళు మండిపోయింది. మా చెల్లెలి కూతురు పేటలో పెరుగుతుందా అని నిన్ను రెక్క పుచ్చుకుని లాక్కొచ్చాడు."

"కోపంతో తెచ్చాడా నన్ను?"

"మరేమనుకున్నావ్? బస్సు దిగేసరికి బజారంతా మూగారు. శోభనాద్రీ, నువ్వు మనిషివి కాదయ్యా, దేవుడివి అని ఒకళ్ళ మీద ఒకళ్ళు దణ్ణాలు. అంతమంది కలిసి దేవుణ్ణి చేసేశాక ఇంక వెనక్కి పంపడం ఎట్లా? నేను తలుపు దగ్గర నిలబడి ఏడ్చా. నాకూ చేశార్లే దణ్ణాలు, ఆనందంతో ఏడుస్తున్నాననుకుని." గొంతు తగ్గించింది. "తర్వాత్తర్వాత నిజంగానే ప్రాణం పెట్టాడు నీ మీద. ఆ మాటా చెప్పాలి. నీకు జ్వరమొస్తే అన్నం తినేవాడు కాదు."

ఇన్నేళ్ళూ భానుమతి రోజూ పొద్దున్నే ఆ ఫోటోకి దీపం పెట్టింది. పదో తరగతిలో బడికంతటికీ ఫస్టొచ్చినప్పుడు లెక్కల మాస్టారు ఇంటికొచ్చి, కాలేజీకి పంపండి, ఈ పిల్ల ఎక్కడికో వెళ్తుందన్నాడు. మా ఇంటి కోడలికి ఉద్యోగాలెందుకండీ అన్నాడు ఈ మావయ్యే. అప్పుడు కూడా ఆ పిల్ల కిక్కురుమనలేదు. ఉప్పెనలోంచి ఎత్తుకొచ్చిన మనిషితో వాదించడమేంటనుకుంది.

"ఆవిడ మళ్ళీ రాలేదా?"

"నీ పెళ్ళికొచ్చింది. పెరట్లో భోంచేసి వెళ్తూ, అమ్మా, తవుడెప్పుడిస్తారు అని నవ్వుతా అడిగింది. ఇవ్వలేదు. ఇస్తే నువ్వు ఆమెదానివని ఒప్పుకున్నట్టేగా! ఇటు రావద్దు, నలుగురికీ తెలిస్తే పిల్ల పరువు పోతుందన్నాను. మళ్ళీ రాలేదు. మాటంటే మాటే."

భానుమతి లోపలికెళ్ళి చీర మార్చుకుని, చేతి సంచీ తీసుకుని వచ్చింది. వెంకాయమ్మ ఆ సంచీ చూసి తమలపాకులన్నీ చాప మీద పారేసింది.

"ఎల్లుండి గృహప్రవేశం పెట్టుకుని శవం దగ్గరికి బయల్దేరావా!"

"వెళ్ళి చూసొస్తుందిలే అమ్మా" అన్నాడు నాగేశ్వరరావు. "భానూ, అక్కడ ఏమీ ముట్టుకోకు. వచ్చి పెరట్లోనే తలస్నానం చేసేయ్. పరాయివాళ్ళ చావుకి స్నానంతో సరిపోతుంది. అదే అమ్మయితే మూడు రోజుల మైల, గృహప్రవేశం ఆగిపోయేది. ఆవిడ నీకు అమ్మేం కాదుగా."

పాపం, మంచికే అన్నాడు. ఆ మాటే సంచీలో పెట్టుకున్నట్టు మోసుకెళ్ళింది భానుమతి. అమ్మేం కాదుగా.

బందరు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. గుడ్లవల్లేరు, కవుతరం, పెడన, ఒక్కొక్క ఊరూ వెనక్కిపోతోంది. ఎండ మండిపోతోంది. ఆమె మెదడు మాత్రం ఒక్కచోటే తిరుగుతోంది. నా జాతకం, నా అదృష్టం అని చెప్పుకుంటూ బతికానే! పక్కింటావిడ కూతురికి సంబంధాలు కుదరకపోతే, అందరికీ నాలాంటి రాత ఉండదమ్మా అని జాలిపడ్డానే! ఒక మనిషికి కోపం వచ్చి నన్ను లాక్కొచ్చాడు. కోపం రాకపోతే? ఆ పూట ఆయన కడుపు నిండి, ఒళ్ళు చల్లగా ఉండి, సరే తీసుకెళ్ళమ్మా అనుంటే? అక్కడ ఆలోచన ఆగిపోయేది. మళ్ళీ మొదటికొచ్చేది. కండక్టరు టిక్కెట్టు చేతిలో పెట్టి చిల్లర ఇస్తున్నా చూసుకోలేదు.

ఇంగ్లీషుపాలెం సందులో షామియానా వేసి ఉంది. కుర్చీల నిండా జనం, లోపల పాటలు. తనెవరని చెప్పుకోవాలో తెలీక భానుమతి షామియానా గుంజ దగ్గర నిలబడిపోయింది. ఖాకీ చొక్కా మనిషి ఒకడు చూశాడు. మంగినపూడి బీచికి ఆటో తోలే సాల్మన్ రాజు అతనే. పరుగెత్తుకొచ్చి, "అక్కొచ్చింది! పెద్దక్కొచ్చింది!" అని కేకేశాడు.

జనం లేచి దారిచ్చారు. ముక్కూ మొహం తెలియని ముసలమ్మలు ఆమె చేతులు తడుముతున్నారు. "భానుమతేనా? తవుడు పిల్లేనా?" అంటోంది ఒకావిడ. "చిన్నప్పుడు నల్లగా ఉండేదే, తెల్లబడిందే!" అంటోంది ఇంకొకావిడ. తన సంగతి తనకి తప్ప ఆ సందులో అందరికీ తెలుసని అప్పుడర్థమైంది భానుమతికి.

అన్నమ్మ తెల్లచీరలో పెట్టెలో పడుకుని ఉంది. ఇంత చిన్న మనిషా! మొహం గుర్తురాలేదు. ఎంత చూసినా రాలేదు. సిగ్గేసింది. కానీ ఎడమచేతి బొటనవేలు పక్కన కొడవలి గాటు ఒకటుంది, పాతది, తెల్లగా. ఆ గాటు మీద ఎప్పుడో తన వేలు పెట్టి గీకినట్టు, ఎవరో నవ్వి చెయ్యి లాక్కున్నట్టు... ఏదో వచ్చింది, పోయింది.

పక్కనున్న కళ్ళజోడు మనిషి భానుమతి భుజం మీద చెయ్యేసింది. పెద్ద ముడి, నిటారు మనిషి. "నేను క్రిస్టినాని. నీకంటే ఒక్క నెల ముందు పుట్టా, అయినా నిన్నే అక్కా అనమనేది అమ్మ. నన్ను గుర్తుపట్టలేదా?"

"లేదండి."

"అండీ ఏంటే! సాయికిరణ్ పుట్టినప్పుడు నన్నెన్ని తిట్లు తిట్టావ్! చేతులిరగా, దిక్కుమాలిన నర్సా అని. అప్పుడు నాకు గుడివాడ ఆసుపత్రిలో పోస్టింగు. అమ్మ రోజూ ఫోను బూతుకెళ్ళి అడిగేది, పురుడొచ్చిందా, వచ్చిందా అని. నీ కొడుకు బొడ్డు కోసింది నేనే."

భానుమతికి ఆ నర్సు గుర్తుంది. తిట్లన్నీ విని, తెల్లారాక నుదురు తుడిచి, "మగపిల్లాడక్కా" అని నవ్విన నర్సు. అక్కా అంది. మాటవరసకి అందనుకుంది అప్పట్లో.

"ఎందుకు చెప్పలేదు?"

"మీ అత్తగారికి అమ్మ మాటిచ్చిందిగా. మా నోళ్ళకి కూడా తాళం వేసింది."

"అయితే ఒక్క సంగతి చెప్పు. అవనిగడ్డ బళ్ళో మా మావయ్యకి అడ్డం నిలబడి, నా బిడ్డ అని గట్టిగా అడిగిందట. అందుకే ఆయనకి కోపమొచ్చిందట."

క్రిస్టినా కళ్ళజోడు తీసింది. "అడ్డం నిలబడిందా! ఎవరే చెప్పింది? నేను అమ్మ చీర పట్టుకుని అక్కడే ఉన్నా. ఆయన కాళ్ళు పట్టుకుంది. ఇది ఇంకా నా బిడ్డేనండి, తవుడిచ్చి కొనుక్కున్నానండి, మీవాళ్ళు వెనక్కి కొనుక్కోలేదండి, నాకిచ్చెయ్యండి బాబూ అని ఏడ్చింది. మీకు బరువైతే నాకిచ్చెయ్యండంది. ఆయన కాలు విదిలించుకుని నిన్ను లాక్కెళ్ళిపోయాడు."

అవే మాటలు. తవుడూ, కొనుక్కోవడమూ, నా బిడ్డా, ఒక్కటి కూడా మారలేదు. ఒక చెవికి పొగరుగా వినపడింది, ఒక చెవికి ఏడుపుగా వినపడింది. శోభనాద్రి తలెత్తుకుని విన్నాడేగానీ, ఆ మాటలు తన కాళ్ళ దగ్గర్నుంచి వస్తున్నాయని వంగి చూడలేదు. ఆ ఒక్క చూపు తేడాకి భానుమతి గుడివాడలో పడింది.

"చివరి దాకా ఒకటే బాధ అమ్మకి" అన్నాడు సాల్మన్ రాజు. "నోరుమూసుకునుంటే ఆయనే వదిలేసి వెళ్ళేవాడేమో, నేనే అడిగి పోగొట్టుకున్నానని."

వెంకాయమ్మ చెప్పింది నిజమైతే వదిలేసే వెళ్ళేవాడు. భానుమతికి ఆ సంగతి తెలుసు. పెట్టెలో మనిషికి తెలీదు. ఇప్పుడు చెప్పినా వినపడదు. భానుమతి చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇల్లు పోయినవాళ్ళ ఆడపిల్లల్ని బందరులో మిషనోళ్ళు హాస్టల్లో చేర్చుకున్నారు" అంది క్రిస్టినా. "అమ్మ వాళ్ళకి నాకిద్దరు కూతుళ్ళని చెప్పింది. పక్కపక్కన రెండు మంచాలు వేశారు. నీ మంచం ఖాళీగా ఉంచారక్కా. రేపొస్తుంది, ఎల్లుండొస్తుందని నేను రాత్రిళ్ళు నా దుప్పటి సగం దాని మీద వేసి పడుకునేదాన్ని. నువ్వు రాలేదు. చివరికి దాన్ని ఇంకో పిల్లకిచ్చారు. అదిగో, ఆవిడే. సుగుణ."

ఎదురు వరసలో ఖద్దరు చీర కట్టుకున్నావిడ తలొంచుకుని పాట పాడుతోంది. పిలిస్తే లేచి వచ్చింది. కాలేజీలో లెక్కలు చెబుతుందట. లెక్కలు! మాస్టారు ఇంటికొచ్చిన రోజు భానుమతి కళ్ళ ముందు తిరిగింది. ఆవిడ చేతి గడియారం వంకా, తన గోళ్ళలో ఇంకా ఉన్న చింతపండు మరక వంకా మార్చి మార్చి చూసింది. అసూయ కాదని చెప్పలేం.

"మీ చోటండి నాది" అంది సుగుణ మెల్లగా. "ఆ మంచం ఖాళీ లేకపోతే నన్ను విజయవాడలో ఎవరింట్లోనో అంట్లు తోమడానికి పంపేవాళ్ళు. మాట్లాడుకున్నారు కూడా. మీరు రాలేదు కాబట్టి బతికాను. మిమ్మల్నెప్పుడన్నా చూస్తే ఏం చెప్పాలా అని అనుకునేదాన్ని. ఇప్పుడూ తెలీట్లేదు."

"నాకూ తెలీట్లేదు" అంది భానుమతి. ఆ మాటకి ఇద్దరూ ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకున్నారు, కావాలని కాదు, పడకుండా ఉండటానికి.

సాల్మన్ రాజు పక్కనుంచి, "అది ఆడపిల్లల హాస్టలు, అందుకే నేను ఆటో తోలుకుంటున్నా. మగాడిగా పుట్టి చెడ్డాను" అన్నాడు. చావింట్లో కూడా నవ్వొచ్చింది అందరికీ. అతనూ నవ్వి, ఆ వెంటనే భోరుమన్నాడు.

"ఒక్కటి చెప్పండి" అంది భానుమతి. "ఫోనులో ఆ మాట వినగానే నా నోట్లో ఏదో తీపి..."

"తవుడుండ" అంది క్రిస్టినా. "బెల్లం వేసి దంచేది. పొలానికెళ్తూ మనిద్దరి చేతుల్లో తలొకటి పెట్టేది. నువ్వు నీది తినేసి నాది లాక్కునేదానివి."

నాలుగింటికి లేపారు. సమాధుల దొడ్లో పాస్టరుగారు ప్రార్థన చేసి, "పిల్లలు వచ్చి మన్ను వెయ్యండి" అన్నాడు. సాల్మన్ రాజు వేశాడు. క్రిస్టినా వేసి, పక్కకి తప్పుకుని భానుమతి వంక చూసింది. రా అనలేదు. బలవంతం చెయ్యొద్దంది కదా ఆ మనిషి.

అందరూ చూస్తున్నారు. భానుమతి కాళ్ళ ముందు తవ్విపోసిన మన్ను. ఆ మన్ను ముట్టుకోకపోతే ఇంటికెళ్ళి ఒక్క స్నానం, అయిపోతుంది. ఎల్లుండి తెల్లవారుజామున కొత్త పొయ్యి మీద పాలు పొంగుతాయి. ముట్టుకుంటే కూతురు. కూతురైతే మూడు రోజులు. తెల్లటి టైల్స్ వేసిన ఆ వంటగట్టు కళ్ళ ముందుకొచ్చింది. దాని ఎత్తు తనకి సరిపోయేట్టు మేస్త్రీని నిలబెట్టి కట్టించుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, తవుడు తేవొద్దని ఎందుకందో. తవుడిస్తే కొనుక్కున్నట్టు. కొనుక్కుంటే చెల్లిపోయినట్టు. చెల్లిపోవడం ఆవిడకిష్టం లేదు.

వంగి దోసెడు మన్ను తీసుకుంది. గుప్పెడు చాలమ్మా అన్నారెవరో. వినిపించుకోలేదు.

తిరిగి వస్తూ అడిగింది. "మీకు మైల ఎన్నాళ్ళు?"

"మాకవేం లేవక్కా" అంది క్రిస్టినా. "రేపు డ్యూటీకెళ్ళాలి."

భానుమతి గుడివాడలో దిగేసరికి పొద్దుగూకుతోంది. ఇంటి ముందు టెంటు సామాను దింపుతున్నారు. వీధరుగు మీద వెంకాయమ్మ, గేటు దగ్గర నాగేశ్వరరావు, సాయికిరణ్. వంటవాళ్ళతో మాట్లాడుతున్న కొడుకు తల్లిని చూసి, "అమ్మా, వచ్చావా! పెరట్లో నీళ్ళు పెట్టించాను, స్నానం చేసేయ్. పూలవాడు నిన్నే అడుగుతున్నాడు" అన్నాడు.

ఆమె గేటు దాటలేదు.

"టెంటు వాళ్ళని వెనక్కెళ్ళమను నాన్నా. పంతులుగారికి ఫోను చెయ్యి. నాకు మూడు రోజులు మైల."

ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. టెంటు గుంజ మోస్తున్నవాడు కూడా భుజం మీదే ఉంచుకుని నిలబడ్డాడు.

"ఎవరు పోయారమ్మా?" అన్నాడు సాయికిరణ్, రంగు మారిపోయి.

"మా అమ్మ."

"ఒసేయ్!" అని అరుగు మీంచి దిగింది వెంకాయమ్మ. కర్ర కూడా తీసుకోలేదు. "మతి పోయిందా నీకు? శ్రావణం దాకా ఆగుతావా! ఇన్నాళ్ళు కాచుకున్నది ఇందుకా! పిలిచినవాళ్ళు రేపొచ్చి నిలబడితే ఏం చెప్పమంటావ్? బజారంతా అడుగుతుంది, మీ కోడలికి ఇప్పుడు అమ్మెక్కణ్ణుంచి వచ్చిందని. ఏం చెప్పను?"

"తవుడిచ్చి కొన్న పిల్లని చెప్పండి అత్తయ్యా" అంది భానుమతి. "నా చిన్నప్పుడు అందరికీ చెప్పి నవ్వారుగా. ఇప్పుడు నవ్వకుండా చెప్పండి."

వెంకాయమ్మ కర్ర కోసం వెతుక్కుంటూ అరుగు అంచు పట్టుకుంది. నాగేశ్వరరావు మాత్రం టెంటు వాళ్ళని పంపెయ్యమని కొడుకుతో అని లోపలికెళ్ళాడు. పెరట్లోంచి నీళ్ళ బకెట్టు తనే మోసుకొచ్చి, గేటవతల, భార్య కాళ్ళ దగ్గర పెట్టాడు.